గిన్నె మీద అక్షరం

అమ్మాయికి ఆశీస్సులు.

నీ సస్పెన్సు నవల, ఆ స్పైరల్ బైండింగు పుస్తకం, పోయిన మంగళవారం కొరియర్లో అందింది. 312 పేజీలు. నాకు శుక్లాల ఆపరేషన్ జరిగి ఆరు వారాలైంది. రోజుకు గంట మించి చదవద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. నీ పుస్తకాన్ని మూడు రోజుల్లో అవగొట్టాను. మా కోడలు ఇంకా నాతో ముభావంగానే ఉంది. ఆ పాపంలో నీకూ వాటా ఉంది.

"మీరు" అని మొదలుపెట్టి రెండు కాగితాలు చింపేశాను. నువ్వేమో "డియర్ మేడమ్" అని రాశావు. నాకు డెబ్బై నాలుగేళ్ళు. నీ కథ జరిగే బెజవాడ సత్యనారాయణపురం వీధి మీ అమ్మమ్మగారి వీధేనని రాశావు కదా, అక్కడికి నాలుగు సందుల అవతలే, ఇప్పుడు బస్సుల కోసం వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డున్న చోట రైలు పట్టాలున్న రోజుల్లో, నేను పదకొండేళ్ళు కాపురం చేశాను. గూడ్సు బండి పోతుంటే గూట్లో గ్లాసులు గలగలలాడేవి. అందుకని నిన్ను నువ్వనే అంటాను. నన్నేమనాలో నువ్వు తేల్చుకో. ఇదేదో ముద్దుకి అంటున్న మాట కాదు, ఈ ఉత్తరంలో సగం ఈ గొడవే.

ముందు 41వ పేజీ సంగతి.

సుభద్ర శవం దొరికిన మర్నాడు పక్కింటి పద్మావతి అంట్లు తోముకుంటుంటే ఒక స్టీలు గిన్నె చేతికొస్తుంది. సుభద్ర కొత్తావకాయ పెట్టి పంపిన గిన్నె. పద్మావతి దాన్ని తోముతుంది, పొడిగుడ్డ పెట్టి తుడుస్తుంది, గట్టు మీద పెడుతుంది. కాసేపాగి మళ్ళీ తీసి మళ్ళీ తోముతుంది. ఎవరికివ్వాలి అనుకుంటుంది. గిన్నె అంచు కింద చుక్కలు చుక్కలుగా "ఎ. సుభద్ర" అని ఉంటుంది. అంతే. నువ్వు రాసింది ఏడు వాక్యాలు. నేను పుస్తకం మూసి, కళ్ళజోడు తీసి, కాసేపలా కూర్చున్నాను.

సుభద్ర పుట్టింటివాళ్ళు కొమ్మరాజువాళ్ళని 12వ పేజీలో చెప్పావు. అత్తింటివాళ్ళు వేమూరివాళ్ళు. అయితే ఆ గిన్నె మీద "కొ" ఉండాలి, లేకపోతే "వే" ఉండాలి. ఈ "ఎ" ఎక్కడిది? పెళ్ళిలో చదివించిన గిన్నె అనుకుందామా అంటే, చదివింపుల సామాను మీద ఇచ్చినవాళ్ళ పేరు కొట్టిస్తారు గానీ పుచ్చుకున్నవాళ్ళది కాదు. సుభద్ర అన్న పేరుకు ముందు మూడో ఇంటి అక్షరం ఉందంటే, ఆ మనిషి ఎప్పుడో ఆ మూడో ఇంట్లో దీపం పెట్టిందన్నమాట. ఆ ఇల్లేమైంది? ఆ ఇంటాయన ఏమయ్యాడు? ఈ వీధిలో ఆ సంగతి ఎంతమందికి తెలుసు? అమ్మాయ్, ఒక్క అక్షరంతో ఒక కుటుంబం గుట్టంతా గట్టు మీద పెట్టేశావే అనుకుని, మా కోడలు పిలుస్తున్నా పలక్కుండా పేజీలు తిప్పాను.

తర్వాత 271 పేజీల్లో ఆ గిన్నె మళ్ళీ కనపడలేదు. 97వ పేజీలో మాత్రం హైదరాబాదు నుంచి ఒక సైకియాట్రిస్టు దిగాడు.

స్టీలు గిన్నె మీద పేరంటే నీ వయసువాళ్ళకి ఏమనిపిస్తుందో గానీ, మా రోజుల్లో అది రిజిస్ట్రారాఫీసు. సామాను కొన్న కొట్లోనే ఒక కుర్రాడు చిన్న ఉలీ సుత్తీ పెట్టుకుని టకటకా చుక్కలు కొట్టేవాడు. అక్షరానికింత అని లెక్క. అందుకే ఇంటిపేరు మొత్తం కొట్టించకుండా ఒక్కక్షరంతో సరిపెట్టేవాళ్ళం. తర్వాత కరెంటు మిషన్లొచ్చాయి, చుక్కలు పోయి గీతలొచ్చాయి, అక్షరాలు వంకర తిరిగాయి. చుక్కలా గీతలా అన్నది చూసి గిన్నె వయసు చెప్పేయొచ్చు. నువ్వు "చుక్కలు చుక్కలుగా" అని రాశావు. ఆ మాట నీకెవరు చెప్పారు? మీ అమ్మమ్మ వంటింట్లో చూసి ఉంటావు. కళ్ళతో చూసింది రాసిన చోట నీ చెయ్యి తడబడలేదు, గమనించుకో.

మా అమ్మ పోయినప్పుడు, పదమూడో రోజు అయ్యాక, మా పిన్నులిద్దరూ అటక మీది సామానంతా దింపి, పేర్లు చదువుకుంటూ కుప్పలు పోశారు. ఇది పెద్దక్కది, ఇది మేనత్తగారిది, ఇది ఎదురింటివాళ్ళది మన దగ్గరే ఉండిపోయింది అనుకుంటూ. నేను పక్కన కూర్చుని కాగితం మీద రాస్తున్నాను. ఒక ఇత్తడి మరచెంబు చేతికి రాగానే మా పెద్దపిన్ని దాని మీది పేరు చదివి, చప్పున కొంగులో చుట్టేసి లేచి లోపలికి వెళ్ళిపోయింది. రెండో పిన్ని తలెత్తలేదు. నాకప్పటికి ఇద్దరు పిల్లలు. అయినా అడగలేదు, అడక్కూడదని తెలుసు. తర్వాత ముప్పయ్యేళ్ళు మా పిన్నితో మాట్లాడాను, పక్కన పడుకున్నాను, ఆవిడ కాళ్ళు పట్టాను. ఒక్కసారి కూడా ఆ చెంబు మాట రాలేదు. నా మొదటి సస్పెన్సు నవల ఆ మరచెంబులోంచే తీశాను.

ఇక నా చిరాకు సంగతి.

నీ నవలలో పద్మావతి "సుభద్రా" అంటుంది. సుభద్ర తమ్ముడు శేఖర్ పోలీసులతో "సుభద్ర చాలా డిస్టర్బ్‌డ్‌గా ఉండేది" అంటాడు. అరవై నాలుగేళ్ళ అక్కని! ఆడపడుచు "సుభద్ర నన్ను అర్థం చేసుకోలేదు" అంటుంది. చివరికి పాలబ్బాయి కూడా "సుభద్రగారు మంచావిడ" అంటాడు. పాలబ్బాయికి ఆవిడ పేరెందుకు తెలుస్తుంది? వాడికి ఆవిడ "మూడో నంబరు మామ్మగారు". నీ వీధిలో పద్నాలుగు మంది ఉన్నారు, పద్నాలుగు మందీ ఒకరినొకరు పేర్లు పెట్టి పిలుచుకుంటున్నారు. డబ్బింగు సీరియల్లో మాట్లాడుకున్నట్టుంది.

మర్యాద తప్పిందని కాదు నా గోల. తెలుగులో సస్పెన్సు రాసేవాళ్ళకి దేవుడిచ్చిన ఆయుధం ఒకటుంది, దాన్ని నువ్వు చెత్తబుట్టలో పారేశావు. మన నోట్లోంచి ఒక మనిషి పేరు గానీ క్రియ గానీ వచ్చిందంటే, ఆ మనిషికి మనం ఏమవుతామో బయటపడకుండా ఉండదు. "వచ్చింది", "వచ్చారు", "వచ్చాడు", "వచ్చాట్ట". ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. మిగతా దేశాల డిటెక్టివు బూతద్దం పెట్టి వెతుక్కునేది మన వీధిలో ప్రతివాడూ నోరు తెరవగానే కింద పోస్తాడు. ఇరవయ్యేళ్ళుగా "వదినగారూ" అన్న మనిషి ఓ పొద్దున "ఆవిడ" అంటే, ఆ రాత్రి ఆ గోడకవతల ఏదో జరిగిందన్నమాట. బతికినన్నాళ్ళూ "అది" అన్న ఆడపడుచు శవం లేచిన గంటకి "మా వదినగారు" అంటోందంటే, నీ సీఐ అక్కడ ఆగి ఒక కుర్చీ వేసుకోవాలి.

వరసల జోలికి పోతే ఇంకా లోతుంది. ఒక పిల్ల మేనమామ కొడుకుని ఏమనాలి? బావ అనాలి. ఊళ్ళో అందరూ ఏడిపిస్తారు, పిల్ల సిగ్గుపడుతుంది, మామూలే. అలాంటిది వాళ్ళమ్మ పనిగట్టుకుని "అన్నయ్య అను" అని పిలిపిస్తోందనుకో. ఎందుకు? ఆ కుర్రాడు ఎవరి కొడుకో ఆ తల్లికి తెలుసు. రేపు ఎవరైనా సరదాకైనా పెళ్ళి మాటెత్తితే ఏమవుతుందోనన్న భయం. డీఎన్‌ఏ రిపోర్టు అక్కర్లేదు, ఫ్లాష్‌బ్యాక్ అక్కర్లేదు. "అన్నయ్య" అన్న ఒక్క మాట చాలు.

ఇది నేనిప్పుడు నీకోసం అల్లింది కాదు. 1982లో ఒక వారపత్రికకి ఇదే రాశాను. పదేళ్ళ పిల్ల "బావా" అని పిలిచినందుకు తల్లి మొట్టమొదటిసారి చెయ్యి చేసుకుంటుంది, మూడో వారంలో. అప్పట్లో సీరియల్ పేజీలు చింపి దాచుకుని, అయిపోయాక బైండు చేయించుకునేవాళ్ళు. అద్దె లైబ్రరీలవాళ్ళూ అలా కుట్టించి తిప్పేవాళ్ళు. నాలుగో వారానికే తణుకు నుంచి ఒకావిడ పోస్టుకార్డు రాసింది: "ఆ తల్లి కొట్టిన దెబ్బ మా ఇంట్లో కూడా పడింది, మీకెవరు చెప్పారు?" పేరు లేదు. ఆ కార్డు నా దగ్గర ఇప్పటికీ ఉంది. అవార్డు పత్రాలు ఎక్కడున్నాయో వెతకాలి.

ఆ సీరియల్లో హంతకురాలు ఆ తల్లే. పద్దెనిమిదో వారం రాగానే ఎడిటరుగారు కబురు పెట్టారు. బెజవాడ ఆఫీసుకి వెళ్ళాను. ఆయన టీ తెప్పించారు, ఫ్యాను నా వైపు తిప్పారు. అంత మర్యాద చూసే నాకు భయం వేసింది. "సంసారపక్షం ఆడవాళ్ళు చదివే పత్రికండీ. ఇంటి ఇల్లాలు హత్య చేసిందంటే ఊరుకోరు. ఇంట్లో పనిమనిషి ఉంది కదా, ఆవిడ మీదికి తిప్పెయ్యండి. కారణం మీరేదో చూడండి, నగలో ఏదో" అన్నారు. నాలుగు వారాల్లో తిప్పేశాను. కారణం చూశాను. నగలే. అప్పుడు మా ఆయనకి ఆర్నెల్లుగా జీతం లేదు, ఆ డబ్బుతో పిల్లల స్కూలు ఫీజు కట్టాలి. ఇవి సాకులని నాకు తెలుసు, అయినా రాస్తున్నాను.

మా ఇంట్లో అంట్లు తోమే మనిషికి చదువు రాదు. వారం వారం మా పెద్దమ్మాయి చదివి వినిపించేది. ఆవిడ తోమిన గిన్నెలు బోర్లించి, గడప పక్కన కూర్చుని చివరిదాకా వినేది. మధ్యలో "ఆ తల్లే చేసుంటదమ్మా, సూడండి" అనేది. ఆఖరి వారం విన్నాక లేచి కొంగు దులుపుకుంది. "ఇంట్లో వస్తువు పోతే మమ్మల్నంటారు, అలవాటైపోయింది. ప్రాణం పోయినా మమ్మల్నే అంటారామ్మా?" అంది. మర్నాడు పనిలోకి వచ్చింది, ఎప్పట్లాగే వచ్చింది. సీరియల్ వినడం మాత్రం మానేసింది.

నీ నవలలో వాచ్‌మన్ని ఎనభై పేజీలు అనుమానించావు. చివరికి వదిలేశావులే, సంతోషం. కానీ ఆ ఎనభై పేజీలూ ఎందుకు? వాడికి ఆ ఇంటి గుట్టుతో ఏ పేచీ లేదు. పాఠకుణ్ణి తప్పుదారి పట్టించడానికి పేదవాణ్ణి అడ్డం పెట్టడం నేను చేసిన పనే, నువ్వు చెయ్యకు.

ఆ ఎడిటరుగారి తర్వాత క్షుద్ర నవలల గాలి వీచింది. ఇంకో పత్రికాయన "మీ శైలి బావుందండీ, ఒక్క బొమ్మ, ఒక్క నిమ్మకాయ పెట్టండి, వచ్చే నెల నుంచి వేసుకుంటాం" అన్నాడు. రెండేళ్ళు కలం ముట్టుకోలేదు. ఇప్పుడు నీ పుస్తకం చదువుతుంటే ఆ నిమ్మకాయలే గుర్తొచ్చాయి. ఇప్పుడు వాటి పేరు "చైల్డ్‌హుడ్ ట్రామా". ప్రతి హంతకుడికీ ఒక చీకటి గది, ఒక తాగుబోతు తండ్రి, ఒక సైకియాట్రిస్టు. ఆ సైకియాట్రిస్టు నోట్లోంచి మూడు పేజీల పాఠం. మనసు గురించి రాయడమంటే జబ్బు పేర్లు రాయడం కాదు. గిన్నెని రెండోసారి తోముతోంది చూడు పద్మావతి, సైకాలజీ అంటే అది. నీ డాక్టరు విక్రమ్ 140 పేజీల్లో అంత పని చెయ్యలేకపోయాడు. వాణ్ణి తిరుగు బస్సెక్కించు.

పోలీసుల దగ్గర నువ్వు కొన్ని పొరపాట్లు చేశావు. నీ కథ 2025 మే నెలలో జరుగుతుంది, నీ ఎస్సై "302 కింద కేసు" రాస్తాడు. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి పోయింది. భారతీయ న్యాయ సంహితలో హత్య 103వ సెక్షను. జనం ఇంకా మూడొందల రెండు అనే అంటారు. వీధి చివర కిళ్ళీకొట్టాయన అంటే బావుంటుంది, ఎఫ్ఐఆర్‌లో మాత్రం బావుండదు. ఇంకోటి. బెజవాడ మే ఎండల్లో శవం రెండు రోజులు ఇంట్లో ఉంటే ఎవరికీ తెలియలేదన్నావు. ఒక్క పూట చాలు తల్లీ, చీమలు చెప్తాయి, ఈగలు చెప్తాయి. అవి చెప్పకపోయినా గుమ్మానికి వేలాడుతున్న రెండో రోజు పాల ప్యాకెట్టు చెప్తుంది. ఇక ఆఖర్న హంతకుడు సీఐ ముందు అంతా ఒప్పేసుకుంటాడు, కథ కంచికి. పోలీసుల ముందు ఒప్పుకున్నది నేరం రుజువు చెయ్యడానికి కోర్టులో పనికిరాదు. 1872 నాటి సాక్ష్యాల చట్టంలోనూ అదే, ఇప్పటి కొత్త చట్టంలోనూ అదే. ఆ ఒప్పుకోలును పట్టుకుని ఏ వస్తువైనా దొరికితేనే ఆ దొరికినంత మేరకు విలువ. నీ సీఐ చేతిలో చివరికి ఏమీ లేదు. అది నువ్వు కావాలని చేసి ఉంటే భలే ముగింపు. కావాలని చెయ్యలేదని నాకు తెలుసు.

అన్నిటికంటే నాకు దిగులనిపించింది పంచనామా. "పోలీసులు పంచనామా పూర్తి చేశారు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అమ్మాయ్, అది నీ నవలకి నడిమధ్య గుంజ! అనుమానాస్పదంగా మనిషి చనిపోతే శవపంచనామా ఎలా చెయ్యాలో చట్టమే చెప్పింది. ఆ చుట్టుపక్కల కాపురముండే పెద్దమనుషులు ఇద్దరు గానీ అంతకంటే ఎక్కువ గానీ దగ్గరుండాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 174వ సెక్షను, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 194. అంటే ఇరుగుపొరుగు హత్య గురించి రాస్తున్న నీకోసం ఆ ఇరుగుపొరుగుని చట్టమే చెయ్యి పట్టుకుని శవం దగ్గరికి తీసుకొస్తోంది. నువ్వు తలుపేసుకున్నావు.

మా వీధిలో ఒక రిటైరైన హెడ్‌కానిస్టేబులుగారు ఉండేవారు. పంచులు, అంటే పంచనామాకి సాక్షులు, దొరకడం ఎంత కష్టమో ఆయన చెప్తుంటే నవ్వాగేది కాదు. "జీపు వీధిలోకి తిరగ్గానే అందరికీ ఊళ్ళో పెళ్ళిళ్ళు గుర్తొస్తాయమ్మా. కిటికీలో చూసేవాళ్ళు పాతికమంది, సంతకానికి ఒక్కడుండడు." ఒకాయన్ని తీసుకొస్తే శవం వైపు చూడకుండా గోడ మీద క్యాలెండరు చూస్తూ సంతకం పెట్టాడట. "మేం అనుమానించాల్సింది వాణ్ణి కాదు, పిలవకుండా వచ్చి పెన్ను అడిగినవాణ్ణి" అనేవారు ఆయన.

ఆ దృశ్యం రాయి. సుభద్ర హాల్లో పడి ఉంది. ఎస్సై ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ప్యాడు మీద రాసుకుంటున్నాడు. గుమ్మం బయట చెప్పులు. పద్నాలుగు మందిలో ఎవరు లోపలికొస్తారు? ఎవరు "నాకు బీపీ ఉందండీ" అంటారు? చనిపోయినావిడ మీకేమవుతుందని ఎస్సై అడుగుతాడు. అప్పుడు ప్రతివాళ్ళూ ఒక వరస చెప్పాలి. ఏ వరస చెప్తారు? "మా వదినగారండీ" అని చెప్పే ఆవిడ ఏ లెక్కన వదిన? కొమ్మరాజువాళ్ళ లెక్కనా, వేమూరివాళ్ళ లెక్కనా, ఆ "ఎ" వాళ్ళ లెక్కనా? నాకైతే చెయ్యి దురద పెడుతోంది. ఈ వయసులో మొదలుపెట్టలేక నీకు రాస్తున్నాను.

ఆవకాయ కూడా అలాగే వదిలేశావు. సుభద్ర శనివారం ఆవకాయ కలిపింది, ఆ సాయంత్రమే కాస్త పద్మావతికి పంపింది. (స్టీలు గిన్నెలో పంపింది కాబట్టి పద్మావతి వెంటనే సీసాలోకి తీసేసి ఉంటుంది. ఉప్పూ పులుపూ ఉన్నది స్టీల్లో ఉంచరు. ఇది నీకు తెలిసి రాశావో తెలియక రాశావో గానీ గిన్నె ఖాళీగా ఉండటం సరిపోయింది.) ఆదివారం రాత్రి హత్య. మరి మూడో రోజు ఆవకాయ తిరగ కలపాలి కదా. జాడీలో నూనె పైకి తేలి, ముక్క ఊరి, కిందనున్న పిండి పైకి రావాలి. సోమవారం ఎవరు కలిపారు?

నేనైతే ఇలా చేస్తాను. శవం సోమవారం తెల్లవారుజామునే దొరుకుతుంది. మధ్యాహ్నానికి పంచనామా అవుతుంది, శవాన్ని పోస్టుమార్టానికి తీసుకెళ్తారు, ఇంటికి తాళం పడుతుంది. బుధవారం తమ్ముడు తాళం తీసి వంటింట్లోకి వెళ్తాడు. జాడీ తిరగ కలిపి ఉంటుంది. అంచు శుభ్రంగా తుడిచి, కొత్త గుడ్డతో వాసెన కట్టి ఉంటుంది. ఆ ముడి సుభద్ర వేసే ముడి కాదు. మనిషిని చంపగలిగింది గానీ ఆవకాయ పాడైపోతుంటే చూడలేకపోయింది ఎవరో. అలాంటి మనిషి నీ వీధిలో ఒకరుండాలి. ఎవరో నాకు తెలుసు. నీకు తెలియాలంటే ఆ పద్నాలుగు మంది వంటిళ్ళలోకీ ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి కూర్చుని రావాలి.

పద్మావతి గిన్నె ఎందుకు తిరిగివ్వలేకపోయిందో కూడా నువ్వు చెప్పలేదు. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదు. కాస్త పంచదారో, రెండు అరటిపళ్ళో వేసివ్వాలి. అటు చూస్తే మైల ఇల్లు. పన్నెండు రోజులూ ఆగాలి. ఆ పన్నెండు రోజులూ ఆ గిన్నె ఆవిడ గట్టు మీద ఉంటుంది, పోలీసులు వీధిలో తిరుగుతుంటారు, వచ్చినవాళ్ళంతా మంచినీళ్ళడిగి వంటింటి వైపు చూస్తారు, ఎవరో ఒకరు ఆ అక్షరం చదువుతారు. చదివి మాట్లాడకుండా గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోతారు. నీ నవల ఆ పన్నెండు రోజులే. మిగతాది తీసేసినా నేను బెంగపెట్టుకోను.

ఆస్తి గొడవ సంగతి రెండు ముక్కలు. 2025లో నీ లాయరు "పెళ్ళైన ఆడపిల్లకు వాటా ఎక్కడిది" అంటాడు. వాడి పట్టా చూడాలి. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతా హక్కుంది, పెళ్ళైనా కాకపోయినా. మన ఆంధ్రప్రదేశ్‌లో అంతకంటే ఇరవయ్యేళ్ళ ముందే, 1985 సెప్టెంబరు 5 నుంచి వచ్చింది. కాకపోతే అప్పటికే పెళ్ళైపోయినవాళ్ళకి లేదు. ఆ తేదీ మీద ఒక నవల ఉంది. ఆ ఏడాది శ్రావణంలో ఒక పెళ్ళి ముహూర్తం ఎందుకంత హడావుడిగా ముందుకి జరిగిందో, నలభయ్యేళ్ళ తర్వాత ఆ పెళ్ళికూతురు శుభలేఖ మీది తేదీ చూసి లెక్కవేసుకోవడం. నీకు పనికొస్తే వాడుకో, సుభద్రకి అంటించకు. ఆవిడకున్న బరువులు చాలు.

నువ్వు చాలా ప్రశ్నలు పంపావు, నంబర్లు వేసి మరీ. కలంపేరు పెట్టుకోవాలా అన్నావు. ఏ పబ్లిషరుకి పంపాలన్నావు. ఆడియో పుస్తకంగా చేస్తే ఎలా ఉంటుందన్నావు. ఆ కాగితం మా మనవడు బొమ్మ గీసుకోవడానికి తీసుకుపోయాడు, మిగతావేమిటో గుర్తులేదు. కలంపేరు మాత్రం నేనూ ఒకటి పెట్టుకున్నాను. మా అత్తగారికి తెలియకూడదని. ఆవిడ పోయాక ఆవిడ పెట్టె తీస్తే నా సీరియళ్ళన్నీ బైండు చేయించి అడుగున పెట్టుకుని ఉంది. బతికున్నన్నాళ్ళూ నన్ను "ఆ రాతలేమిటో" అని ఒక్క మాట అడగలేదు. ఇదీ నీకు చెప్పాలనుకున్నది కాదు, వచ్చింది కాబట్టి రాశాను.

నీ వాక్యం బావుంటుంది. పొట్టిగా రాస్తావు, ఏడిపించవు.

మళ్ళీ రాసి పంపు, ఈసారి కాస్త పెద్దక్షరాల్లో ప్రింటు తియ్యి. ఈలోగా ఒక్క సంగతికి జవాబు కావాలి, రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. 41వ పేజీలో ఆ "ఎ" నువ్వు కావాలని పెట్టిందా, టైపింగులో పడిన తప్పా? కావాలని పెట్టిందైతే ఈ ఉత్తరం అందగానే ఫోన్ చెయ్యి. తప్పే అయితే మాత్రం తొందరేం లేదు. ఓ నాలుగు రోజులాగి చెప్పు, ఈలోగా ఆ మూడో ఇల్లు ఏ ఊళ్ళో ఉందో నన్ను చూసుకోనీ.

ఆశీస్సులతో,
నాలుగు సందుల అవతలి మామ్మ